శివారు కాలనీలు – బస్సు ప్రయాణం

నగరం పెరుగుతున్నదంటే సంతోషించనివారు అరుదు. పెరిగిన నగరంలో మనిషి తన ఇంటినుండి తన పనికి ఏ విధంగా చేరుకుంటున్నాడన్న ప్రశ్న మాత్రం ఎవరికీ అంతగా పట్టదు. హైదరాబాదును ఆనుకొని నలుదిక్కులా వెలసిన శివారు కాలనీలలో నేడు లక్షలాది కుటుంబాలు నివసిస్తున్నాయి. నగరం నడిబొడ్డున గజం స్థలం కొనగల స్తోమత లేక, అద్దెలు భరించలేక, ఊరి చివర ఇంత నేల సంపాదించుకొని ఇల్లు కట్టుకొన్నవారే వీరిలో అధికులు. ఇల్లు అమరింది. ఉద్యోగం, చదువు, ఆసుపత్రి మాత్రం నగరంలోనే ఉండిపోయాయి. ఈ రెంటి నడుమ దూరాన్ని సొంత బండి లేకుండా, బస్సునో రైలునో నమ్ముకొని దాటడం సాధ్యమా అన్నది మేము ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం.

ఈ విచారణకు మమ్ములను పురికొల్పినది మా తరగతి గదియే. మా కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ ద్వితీయ భాషలు గనుక రెండింటికీ ఒకే పీరియడు. గత విద్యాసంవత్సరంలో ఆ పీరియడు ఉదయం తొమ్మిదిన్నరకు, అనగా మొట్టమొదటిది. హాజరు పట్టిక తెరిచి చూస్తే ఒక విచిత్రం కనబడేది. శాలిబండ నుండి, హుసేనీ ఆలం నుండి నడిచి వచ్చే పిల్లలు వేళకు ఉంటారు. ఆరాంఘర్ ఆవలి నుండి వచ్చేవారు పది గంటలకు ఒక్కొక్కరే తలుపువద్ద నిలిచి "మే ఐ కమిన్ సార్" అంటారు. వీరు సోమరులు కారు. రెండవ పీరియడుకు అందరూ ఉంటారు, మంచి మార్కులు తెచ్చుకొనేవారు కూడా వీరిలో కలరు. సవర్ణదీర్ఘ సంధి నేర్వవలసిన వేళ వారు బహదూర్‌పురా కూడలిలో నిలిచి ఉంటారు, అంతే. విశ్వవిద్యాలయపు నియమం ప్రకారం హాజరు నూటికి డెబ్బది అయిదు ఉండాలి. అది తగ్గితే రుసుము చెల్లించి మినహాయింపు కోరవలె. మరీ తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. కనుక అర్ధగంట ఆలస్యం అనేది అర్ధగంటతో పోయేది కాదు.

దసరా సెలవుల అనంతరం ఒక విద్యార్థిని తండ్రి మమ్ములను చూడవచ్చారు. ఆయన దర్జీ. స్టాఫ్ రూములో కుర్చీ చూపినా కూర్చోక నిలబడే మాట్లాడారు. "సార్, పిల్ల రోజూ ఎనిమిది కొట్టకముందే ఇంట్లకెళ్లి బయల్దేరుతది. అయినా మొదటి గంట దొరుకుత లేదంటది. స్కూటీ ఉంటేనే హాజరు పడతదట. కిస్తుల మీద తీస్కుంటే నెలకు మూడు వేల మీద కట్టాలె. ఇంట్ల ఇంకా ఇద్దరు చదివెటోళ్లున్నరు. అప్పు చేసుడా, చదువు మాన్పించుడా, మీరే చెప్పున్రి" అన్నారు. మేము వారిని ఒక నెల ఓర్చుకొమ్మన్నాము. ఆ అమ్మాయి నివసించే బస్తీ మేముండే కాలనీకి సరిగ్గా వెనుక ఉన్నదని మాటలలో తెలిసింది. మధ్య ఒక గోడ. ఆ గోడ సంగతి తరువాత వస్తుంది.

ఆ నవంబరు నెలలో మేము స్కూటరును ఇంటివద్ద నిలిపి, కళాశాలకు బస్సులోనూ రైలులోనూ వచ్చి చూడాలని నిశ్చయించుకొన్నాము. మా శ్రీమతి పాఠశాల ఉపాధ్యాయిని. ఆమె ఏనాటినుండో బస్సులోనే వెళ్తున్నారు. మా నిర్ణయం విని, "నేను రోజూ చేసే పనిని మీరు నెల చేసి వ్యాసం రాస్తారన్నమాట" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నది.

ఇచట కొంత పూర్వకథ చెప్పుకోవడం అవసరం. మన నగరానికి బస్సు కొత్తది కాదు. 1932 జూన్ మాసంలో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. ప్రభుత్వమే నేరుగా బస్సులు నడపడమనేది మన దేశంలో అప్పటికి అపురూపం. రైల్వే శాఖ చేతిలో బస్సులు పుట్టడంలో ఒక అంతరార్థం కలదు. రైలు దిగినవాడు ఊరికి చేరాలి గనుక బస్సు వచ్చింది. అనగా రెండూ ఒకే ప్రయాణంలోని భాగాలుగా నాటివారు భావించారు. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి నేటికీ బస్ భవన్ వద్ద ప్రదర్శనకు ఉన్నది. గౌలిగూడలో ఒకనాటి విమానాల షెడ్డు బస్ స్టేషనుగా మారి, ఎన్నో దశాబ్దాలు సేవ చేసి, 2018 జూలైలో కూలిపోయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన పిదప తెలంగాణ సంస్థ వేరయింది.

ఆ 27 బస్సుల కాలంలో నగరం నడకకు అందేది. పాతబస్తీ మొహల్లా ఏదైనా తీసుకొనండి: మసీదు, మదరసా, కిరాణా దుకాణం, ఇరానీ హోటలు, హకీము, దర్జీ, అన్నీ నాలుగడుగుల దూరంలో. సందులు ఇరుకే గాని ప్రతి సందూ మరొక సందులోకి తెరుచుకొనేది. నేటి శివారు కాలనీ అట్లా కాదు. ఒక వ్యాపారి పదెకరాలు కొంటాడు, చుట్టూ గోడ పెడతాడు, ఒక గేటు పెట్టి లోపల ముప్పది అడుగుల రోడ్లు వేస్తాడు. పక్క పదెకరాలు కొన్న మరొక వ్యాపారి తన గోడ తాను పెడతాడు. ఎవరి కాలనీ వారిదే. బస్సు లోనికి రాదు, వస్తే తిరగలేదు. పటంమీద బస్సు స్టాపు మూడువందల గజాలలో ఉన్నట్లుంటుంది, కాళ్ళకు కిలోమీటరు పడుతుంది. స్కూటరుకు కిలోమీటరు ఒక లెక్క కాదు గనుక ఈ అమరికలో ఎవరికీ దోషం తోచదు.

మా నెల రోజుల అనుభవం పాఠకులకు చెప్పవలె. ఒక చిన్న నోటుపుస్తకంలో ఇల్లు విడిచిన వేళ, బండి ఎక్కిన వేళ, కళాశాల గేటు చేరిన వేళ రాసుకొన్నాము. స్కూటరుమీద మాకు సుమారు నలుబది నిమిషాలు పడుతుంది. బస్సులో కూర్చున్న తరువాత, లేక నిలుచున్న తరువాత, కళాశాల చేరడానికి యాభై నిమిషాలు. తేడా పది నిమిషాలే. ఇది మాకు కొంత ఆశ్చర్యం కలిగించింది. అదే రోడ్డు, అదే రద్దీ. స్కూటరు సందులు చూసుకొని దూరుతుంది, బస్సు ఆగి ఆగి వస్తుంది, చివరకు ఇద్దరూ ఒకే సిగ్నలువద్ద కలుసుకొంటారు. ఎక్కిన తరువాతి ప్రయాణానికి వంక పెట్టడానికి వీలులేదు. చిక్కంతా ఎక్కకముందు. కొన్నిరోజులు స్టాపుకు చేరగానే బస్సు దొరికింది. కొన్నిరోజులు అర్ధగంట నిలుచున్నాము. ముందు కూడలిలో వాహనాలు చిక్కుబడితే మూడు బస్సులు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఆ తరువాత చాలాసేపు ఏదీ రాకపోవడం రద్దీ ఉన్న ప్రతి నగరంలోనూ జరిగేదే. మొదటి బస్సు స్టాపులవద్ద ఎక్కువమందిని ఎక్కించుకొని ఆలస్యమవుతుంది. వెనుకది ఖాళీగా వచ్చి దానిని అందుకొంటుంది. ఇందులో డ్రైవరు తప్పు ఏమీ లేదు.

గణితం చిన్నది. పది నిమిషాలకొక బస్సు ఉన్న దారిలో, వేళ చూసుకోకుండా వెళ్ళినవాడు సగటున అయిదు నిమిషాలు నిరీక్షిస్తాడు. నలుబది నిమిషాలకొకటి ఉన్న దారిలో ఇరవై నిమిషాలు. రెండు బస్సులు మారవలసి వస్తే ఈ నిరీక్షణ రెండింతలవుతుంది. ఇరవై నిమిషాలని ముందే తెలిస్తే మనిషి ఓర్చుకొంటాడు. తెలియకపోతే అయిదు నిమిషాలకే ఆటోను పిలుస్తాడు. 2023 ఆగస్టులో ఆర్టీసీవారు 'గమ్యం' అనే యాప్ తెచ్చారు. బస్సు ఎక్కడున్నదో దానిలో ఫోనులో చూసుకోవచ్చును. మా విద్యార్థులలో సగంమందికి దాని పేరు తెలియదు. వారికి తెలియని యాప్ ఉండటం మాకు వింతగా తోచింది.

ఇక రోడ్ల సంగతి. మా వైపు గడచిన పదిహేనేళ్ళలో రాళ్ళు, ఉక్కు బాగానే ఖర్చయ్యాయి. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం 2009 అక్టోబరులో తెరిచారు. ఆరాంఘర్ నుండి జూపార్కు వరకు సుమారు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవరు 2025 జనవరిలో ప్రారంభమైంది. విమానాశ్రయానికి పోయేవారికి, కార్లలో తిరిగేవారికి ఇవి మహోపకారం చేశాయి. కాదనడానికి మాకు మనస్కరించదు. కాని ఫ్లైఓవరుమీద బస్సు స్టాపు ఉండదు. మనుషులను ఎక్కించుకోవలసిన సిటీ బస్సు కిందినుండే పోవాలి. ఆ కిందనే దుకాణాలు, తోపుడు బండ్లు, ఆటోలు, రోడ్డు దాటే జనం. స్కూటరున్నవాడు పైనుండి పోయి పది నిమిషాలు ఆదా చేసుకొంటాడు. కనుక ప్రతి కొత్త వంతెనా బస్సు స్టాపులో నిలుచున్నవాడికి స్కూటరు కొనుక్కొమ్మని ఒక సలహా ఇచ్చినట్లే అవుతున్నది.

మెట్రో రైలు మాట ఎత్తకపోతే మా విద్యార్థులు ఒప్పుకోరు. 2017 నవంబరులో మియాపూర్–నాగోలు మధ్య మొదలైన మెట్రో 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు వచ్చి, మొత్తం 69 కిలోమీటర్లయింది. అక్కడినుండి పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమాకు పోవలసిన అయిదున్నర కిలోమీటర్లు మాత్రం ఆనాడు నిలిచిపోయాయి. ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు పొడిగించాలని తలపెట్టి, రోడ్డు వెడల్పుకు ఆస్తులు ఇచ్చేవారికి పరిహారపు చెక్కులు ఇవ్వడం 2025లో మొదలైంది. వచ్చిననాడు మేమూ ఎక్కుతాము. ప్రస్తుతం ద్వితీయ సంవత్సరం చదివే పిల్లల హాజరు అంతవరకు ఆగదు.

మెట్రో కోసం కళ్ళు కాయలు కాచేవారు తమ పక్కన ఉన్న రైలును చూడరు. మేము ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజులలో ఫలక్‌నుమాలో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో దిగేవారము. ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆ తరువాత మా ఆర్ట్స్ కాలేజీ. ఈ పేర్లు నేటికీ మాకు కంఠస్థం. 2003 ఆగస్టులో ఆరంభమైన ఆ రైళ్ళను 2023 ఏప్రిల్ 8న ఫలక్‌నుమానుండి దక్షిణంగా ఉందానగర్ వరకు పొడిగించారు. శివరాంపల్లి, బుద్వేలు ప్రాంతాలవారు నేడు రైలెక్కితే ఒక్క బండిలో యాకుత్‌పురాలో దిగవచ్చును. టిక్కెట్టు ఒక టీ ఖరీదును మించదు. కూడళ్ళ రద్దీతో దానికి నిమిత్తం లేదు. మేము ప్రయాణం చేసిన ఒకనాడు కిటికీ పక్కన సీటు దొరికి, దిగేలోపల ఆరు జవాబు పత్రాలు దిద్దాము. స్కూటరుమీద ఈ సౌఖ్యం ఏ జన్మకూ లభించదు.

మరి జనం ఎందుకు ఎక్కరు? రైళ్ళు తక్కువ. ఒకటి తప్పితే రెండవదాని కొరకు చాలాసేపు కాచుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు పోయే పట్టాలమీదనే ఇవీ పోవాలి గనుక సంఖ్య పెంచడం తేలిక కాదు. దూరపు బండి వస్తే దగ్గరి బండి ఆగుతుంది. ఇది ఒక కారణం. రెండవ కారణం మా గోడ.

మా కాలనీకి ముందువైపు బస్సులు తిరిగే పెద్దరోడ్డు ఉన్నది. వెనుక వైపు కాలనీ గోడ. గోడకు ఆవల ఆ అమ్మాయి ఉండే బస్తీ. బస్తీ దాటితే రైల్వే స్టేషను. అనగా కాలనీవారికి రైలు, బస్తీవారికి బస్సు గోడకు అవతల ఉన్నాయి. గోడ లేకుంటే మా ఇంటినుండి స్టేషనుకు ఏడెనిమిది నిమిషాల నడక. ఉన్నది గనుక పెద్దరోడ్డుకు వచ్చి, పెట్రోలు బంకు చుట్టి, నాలా వంతెన దాటి పోవాలి. ఇరవై అయిదు నిమిషాలు. ఆ అమ్మాయి పరిస్థితి ఇంకా కష్టం. ఆమె అదే ఇరవై అయిదు నిమిషాలు ఎదురుదిశలో నడిచి బస్సు స్టాపుకు చేరాలి. వీధి దీపాలు లేని తోవలో, కుక్కల మధ్య, బురఖా తడవకుండా పట్టుకొని, పుస్తకాల సంచితో. ఒకనాడు మేము ఆ తోవన నడిచి చూశాము. దర్జీగారి కుమార్తెకు స్కూటీ కావాలనిపించడంలో వింత ఏమున్నది? ఆమె స్కూటీ అడిగింది పన్నెండు కిలోమీటర్ల బస్సు ప్రయాణాన్ని తప్పించుకోవడానికని మేము అనుకోము. మొదటి కిలోమీటరున్నర కొరకు అడిగింది.

ఈ గోడ మన దేశపు సొత్తు అనుకోనక్కరలేదు. మా పూర్వ విద్యార్థి ఒకరు అమెరికాలో డల్లాసు శివారైన ఫ్రిస్కోలో ఉంటున్నారు. తెలుగువారు అక్కడ విరివిగా ఉన్నారు. డల్లాసు ప్రాంతానికి 'డార్ట్' అనే రవాణా సంస్థ 1983 నుండి ఉన్నది, 1996 నుండి దానికి రైళ్ళు కూడా ఉన్నాయి. కాని ఫ్రిస్కో ఆ సంస్థలో సభ్యనగరంగా చేరలేదు. ఆ విద్యార్థి తల్లిదండ్రులు ఆరునెలలు ఉండి వచ్చారు. "బంగళా బాగుంది, ఏసీ బాగుంది, కొడుకు కారు తీస్తే తప్ప పాలు కూడా తెచ్చుకోలేము సార్" అని తండ్రిగారు చెప్పారు. అక్కడ ఇంటికి రెండు కార్లుండటం సంపదకు గుర్తని మనం అనుకొంటాము; చాలా ఇళ్ళలో అది గత్యంతరం లేకపోవడం. మనం అక్కడికి ఇంకా చేరలేదు. మన శివార్లలో షేర్ ఆటో ఉన్నది, కిరాణా కొట్టు నడకలో ఉన్నది, బస్సు ఉన్నది. అయినా దారి అటువైపే ఉన్నట్లు తోస్తున్నది.

బస్సు విషయంలో ఇటీవలి పెద్దమార్పు స్త్రీలకు ఉచిత ప్రయాణం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఇది మొదలైంది. 2025 ఆగస్టు 15నుండి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో అమలయింది. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు జీరో టిక్కెట్టు ఇస్తారు. మా తరగతిలోని మగపిల్లలు దీనిమీద పెదవి విరుస్తారు. "డబ్బులిచ్చే మేము నిలబడాలి, ఇయ్యనివాళ్ళు కూర్చుంటారు" అని వారి ఫిర్యాదు. నిలబడవలసి వచ్చిన మాట నిజమే, మేమూ నిలబడ్డాము. కాని ఆ నెలలో ఉదయపు బస్సులో మా పక్కన నిలిచిన స్త్రీలను గమనించాము. ఆసుపత్రి ఆయాలు, ఇళ్ళలో పనిచేసేవారు, బట్టల దుకాణపు సేల్స్ అమ్మాయిలు, మా శ్రీమతివంటి ఉపాధ్యాయినులు. వీరంతా నిన్నటివరకు ఇంట్లో కూర్చున్నవారు కారు. నడిచేవారు, షేర్ ఆటోకు ఇచ్చుకొనేవారు, లేక దూరపు పని వదులుకొని దగ్గరలో తక్కువ జీతానికి కుదిరేవారు. బస్సు కిక్కిరిసిందంటే బస్సు అవసరమున్నదని అర్థం. బస్సులు పెంచమని అడగవలసిన చోట స్త్రీలను తగ్గించమని అడగడం మా విద్యార్థులకు తగదని తరగతిలోనే చెప్పాము. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి వారికి హక్కు కలదు.

ఇంతకూ సొంత బండికి బస్సు ప్రత్యామ్నాయమా? ఒక్కమాటలో చెప్పమంటే మేము చెప్పలేము. ఆ నెలలోనే ఒక రాత్రి మా తల్లిగారికి ఆయాసం ఎక్కువైంది. పదకొండు గంటలవేళ బస్సు కొరకు చూడలేదు. స్కూటరు తీసి మందు తెచ్చాము. నెల సరుకులు, పండుగకు కుటుంబమంతా అత్తవారింటికి పోవడం, రంజాన్ మాసంలో తరావీహ్ ముగిసిన తరువాత చుట్టాలను చూసి రావడం, ఇవన్నీ బస్సు తీర్చే పనులు కావు. శివారులో ఇంటికొక బండి అవసరమే. కాని మా కాలనీలో ఇంటికొక బండి ఉన్న ఇల్లు అరుదు. తండ్రికొకటి, కొడుకుకొకటి, కోడలికొకటి. మొదటి బండిని కొన్నది రాత్రివేళ ఆయాసం కొరకు. రెండవ, మూడవ బండ్లను కొన్నది ఉదయపు తొమ్మిదిన్నర కొరకు. ఈ రెండవ, మూడవ బండ్లను నివారించగల శక్తి బస్సుకు, రైలుకు ఉన్నది. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటిన రోజులలో, కిస్తు, భీమా, మరమ్మతు కలిపి చూసుకొంటే రెండవ బండి ఖర్చు ఒక పిల్లవాని డిగ్రీ చదువు ఖర్చుకు తక్కువ కాదు. దర్జీగారి ఇంట్లో ఈ రెండింటిలో ఏదో ఒకటే సాధ్యం.

డిసెంబరులో కాలనీ సంఘం సమావేశానికి వెళ్ళి, వెనుక గోడకు మనిషి పట్టేంత దిడ్డివాకిలి ఒకటి పెట్టించాలని కోరాము. సంఘం అధ్యక్షులు విశ్రాంత ఉద్యోగి, పెద్దలు, మాపట్ల వాత్సల్యం కలవారు. "లెక్చరర్ సాబ్, మీరు మంచికే చెప్తున్నారు. కాని దిడ్డి పెడితే బస్తీవాళ్ళంతా మన కాలనీలోంచే నడుస్తారు. రేపు దొంగతనం జరిగితే ఎవరు జవాబు?" అన్నారు. మరొకరు ప్లాట్ల ధర తగ్గుతుందన్నారు. ఇంకొకరు, "స్టేషనుకు పోయేది ఎవరండీ, అందరికీ బండ్లున్నాయి గదా" అన్నారు. దిడ్డి లేకనే బండ్లు వచ్చాయని మేమంటే కొందరు నవ్వారు.

వారి భయాన్ని మేము తేలికగా తీసివేయలేదు. ఆడపిల్లలున్న ఇళ్ళు, వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్ళు కాలనీలో ఉన్నాయి. అయితే ఒక సంగతి గుర్తుచేశాము. మన హైదరాబాదు నగరానికే ఒకనాడు ప్రాకారం ఉండేది. శత్రుభయంతో కట్టిన గోడ అది, దొంగల భయంతో కట్టినది కాదు. ఆ గోడకు పెద్ద దర్వాజాలతోపాటు మనుషులు నడిచిపోవడానికి చిన్న చిన్న ఖిడ్కీలు పెట్టారు. దర్వాజాలలో దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మాత్రమే నేటికి నిలిచాయి. ఖిడ్కీలు పోయినా వాటి పేర్లు కొన్ని మొహల్లాలకు మిగిలాయి. ఫిరంగులకు భయపడిన నవాబులు పెట్టిన ఖిడ్కీని మన సంఘం పెట్టలేదా అని అడిగాము. అధ్యక్షులవారు ఉర్దూ మీడియంలో చదువుకొన్నవారు. ఖిడ్కీ మాటకు కొంత మెత్తబడ్డారు. చర్చ రెండు సమావేశాలు సాగింది. ఆ దర్జీగారిని రెండవ సమావేశానికి మేమే వెంట తీసుకొని వెళ్ళాము. మా కాలనీలో చాలామంది బట్టలు ఆయనవద్దనే కుట్టించుకొంటారని అప్పుడు తెలిసింది. ఆయన ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "మా పిల్ల దొంగ కాదు సాబ్, కాలేజీకి పోతది" అని కూర్చున్నారు.

జనవరి చివర గోడ కొట్టి ఇనుప తలుపు బిగించారు. ఉదయం ఆరింటికి తీసి రాత్రి ఎనిమిదింటికి తాళం వేయాలని, స్కూటర్లు దూరకుండా మధ్య ఒక ఇనుప గుంజ పాతాలని తీర్మానం. గుంజ ఆలోచన మాకు బాగా నచ్చింది. బస్తీ పిల్లలు ఇప్పుడు కాలనీ నడిరోడ్డున వచ్చి పది నిమిషాలలో బస్సు స్టాపులో ఉంటున్నారు. కాలనీవారు అయిదారుగురు రైలుకు పోతున్నారు, ఎక్కువమంది కాదు. మేము వారంలో మూడురోజులు రైలులోనూ, రెండురోజులు బస్సులోనూ వస్తున్నాము. శనివారం ప్రయోగ పరీక్షల డ్యూటీ ఉంటే స్కూటరే.

కళాశాలలో స్టాఫ్ కౌన్సిలు ముందు కూడా ఈ విషయం పెట్టాము. ఉర్దూ శాఖలోని మిత్రులు మాతో ఏకీభవించారు, వారి తరగతి సైతం మా తరగతివలెనే సగం ఖాళీగా ఉండేది గనుక. ప్రిన్సిపాల్ గారు భాషల పీరియడును మూడవ గంటకు మార్చడానికి అంగీకరించారు. మొదటి గంట ఇప్పుడు కామర్సుది. కామర్సు అధ్యాపకులు హాజరు పట్టిక పట్టుకొని మావద్దకు వచ్చి, "మీ శివారు పిల్లలు" అని మాట మొదలుపెడుతున్నారు. మొదటి గంటనే పావుతక్కువ పదికి జరపాలన్న ప్రతిపాదన కౌన్సిలు ముందు ఇంకా ఉన్నది.

ఆ అమ్మాయి హాజరు డెబ్బది ఎనిమిదికి వచ్చింది. స్కూటీ కొనలేదు. వానకాలంలో నాలా పొంగినా ఆమెకు ఇప్పుడు ఆ తోవతో పని లేదు. రంజాన్‌లో మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. కళాశాలలో విద్యార్థులతో ఇఫ్తారు చేసి రైలు దిగేసరికి ఎనిమిది దాటుతుంది, దిడ్డికి తాళం పడుతుంది. వాచ్‌మన్ మంచివాడే గాని తీర్మానం దాటడు. పెట్రోలు బంకు చుట్టూ తిరిగే ఇంటికి వచ్చాము. తాళం వేళ తొమ్మిదిన్నరకు పెంచాలని సంఘానికి మరొక అర్జీ రాసి ఇచ్చాము. ఈసారి దానిమీద మా సంతకంతోపాటు ఇరువది మూడు సంతకాలున్నాయి, వాటిలో తొమ్మిది గోడకు ఆవలివారివి.